నేల ఆరేదాకా

జూన్ 3, మంగళవారం

అక్కకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. కానీ అందరం అనడానికి ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. నీ మరదలు వెళ్ళిపోయింది. కంగారుపడకు, వాళ్ళన్నయ్య ఇంటికే. ఈ ఊళ్ళోనే, నాలుగు వీధుల అవతల, పళ్ళ డాక్టరుగా ఆయన పెట్టుకున్న క్లినిక్ పైన. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. ఫోన్ చేద్దామంటే నీ చెవులు రెండూ పని మానేసి మూడేళ్ళయింది కదా, అందుకే రాస్తున్నాను.

జరిగింది జరిగినట్టు చెప్తాను. ముప్ఫై నాలుగేళ్ళు తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి, ఒక గ్రాము ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు. రిటైరయ్యాక ఇంటిపని నేను అందుకున్న సంగతి నీకు తెలుసు. ఆవిడ మిషన్ మీద పిల్లల గౌన్లు కుట్టుకుంటుంది. ఇల్లు తుడవడం, గిన్నెలు తోమడం, బట్టలారేయడం నావి. అన్నీ చిన్నప్పుడు నువ్వు నేర్పింది నేర్పినట్టే. గ్లాసులు తోమాక కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, ఒక్కోదాంట్లోంచి చూస్తూ ఇరవై లెక్కపెడతాను. ఒక్క మరక మిగలదు. ఆవిడకి అదీ నచ్చదు. "మంచినీళ్ళు ఇవ్వమంటే దూరదర్శిని చూస్తున్నారేంటి?" అంటుంది.

ఆ రోజు పదిన్నరకి తలుపుకి లోపల గొళ్ళెం పెట్టుకున్నాను. పద్ధతి ప్రకారం గుమ్మం దగ్గర మొదలుపెట్టి, తడిగుడ్డతో లోపలికి తుడుచుకుంటూ వెళ్ళి, చివరికి బీరువా పక్క మూలలో నిలబడ్డాను. నేల ఆరేదాకా కదలకూడదు కదా. సరిగ్గా అప్పుడే ఆవిడ బజారునుంచి వచ్చి తలుపు కొట్టింది. బయట జోరు వాన.

"ఇంకా ఆరలేదు" అన్నాను.

"ఏది?"

"నేల."

వానరోజున నేల ఆరడానికి ఎంతసేపు పడుతుందో నువ్వే చెప్పు. నా వంతుగా ఫ్యాను పెద్దదిగా వేసే ఉంచాను. పక్కింటావిడ జాలిపడి కుర్చీ వేసిందట. ముప్ఫై రెండు నిమిషాల తర్వాత నేను వెళ్ళి తలుపు తీస్తే, గుమ్మంలో కూరల సంచులున్నాయి, మనిషి లేదు. పక్కింటావిడ కుర్చీ మడిచి లోపలికి తీసుకెళ్తూ నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

నా మాట ఆవిడ చెవికెక్కదు. నువ్వంటే గౌరవం. కాబట్టి నువ్వొక ఉత్తరం రాసి పంపు. తడిగుడ్డ గుమ్మం నుంచి లోపలికే పెట్టాలని, తుడిచినవాడు మూలలోనే నిలబడాలని, ఇది నేను కల్పించింది కాదు, మనింటి పద్ధతి అని. అది చాలు.

నీ తమ్ముడు


జూన్ 8, ఆదివారం

ఒరేయ్ గుండూ,

నీకు అరవై రెండొచ్చినా నాకు గుండువే. ఇప్పుడు జుట్టు కూడా సహకరిస్తోంది కాబట్టి పేరు మార్చాల్సిన పని లేదు.

నీ ఉత్తరం చదువుతూ నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఇక్కడ నా బతుకేమీ గొప్పగా లేదు. బట్టలుతికే మిషన్ తిరగడం మానేసి, ఊరికే మూలుగుతోంది. బాగుచేసేవాడు వచ్చి మూత తీసి చూసి, "అమ్మా, దీని వయసయిపోయింది" అని నావైపు చూస్తూ చెప్పాడు. ఎవరి గురించి చెప్పాడో అర్థం కాలేదు. నేను పనిచేసిన లైబ్రరీకి కొత్తగా వచ్చిన అమ్మాయి పుస్తకాలన్నీ రంగుల వారీగా సర్దిందట. చూడ్డానికి బాగున్నాయిగానీ ఏ పుస్తకం ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. సరే, నీ గోలకొద్దాం.

నీకు సర్టిఫికెట్ కావాలి. అంతేగా? తీసుకో:

"నా తమ్ముడు చేసేది ముమ్మాటికీ రైటు. లోకంలో నేల తుడిచేవాళ్ళందరూ లోపల్నుంచి గుమ్మంవైపు తుడుచుకుంటూ వచ్చి హాయిగా బయటపడుతున్నారంటే, వాళ్ళకి బుర్ర లేక. తనని తాను మూలలో ఖైదు చేసుకునే తెలివి అందరికీ అబ్బదు. పెళ్ళాం వానలో తడిస్తే నష్టం లేదు, ఆరుతుంది. నేలమీద అడుగు పడితే మాత్రం మళ్ళీ తుడవాలి. మనిషికన్నా నేల గొప్పదని తెలుసుకున్న జ్ఞాని వీడు."

చాలా? ముద్ర కూడా వెయ్యాలా?

బుద్ధుంటే వెంటనే వెళ్ళి ఆ పిల్లని తీసుకురా.

అక్క


జూన్ 12, గురువారం

అక్కకి,

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే! నువ్వు ఇంత బాగా రాస్తావని అనుకోలేదు. "మనిషికన్నా నేల గొప్పదని తెలుసుకున్న జ్ఞాని" అన్నచోట నాకు కళ్ళు చెమర్చాయి. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో ఆ మాట ఒక్కరూ అనలేదు. ముద్ర లేకపోయినా ఫర్వాలేదు, నీ దస్తూరీ ఆవిడ గుర్తుపడుతుంది.

ఆ భాగం మాత్రం నీటుగా కత్తిరించి, అట్టమీద అంటించి, కవర్లో పెట్టి క్లినిక్‌లో ఇచ్చొచ్చాను. అక్కడ చీటీలు రాసే అమ్మాయి ఎవరికని అడిగితే, పైన ఉన్నావిడకి ఇవ్వమన్నాను. ఇచ్చి రెండు రోజులైంది. జవాబు లేదు. అంటే ఆలోచనలో పడిందన్నమాట. ఆదివారానికల్లా వస్తుందని నా అంచనా.

ఈలోగా ఇల్లు మెరిసిపోతోంది. బట్టలారేసేటప్పుడు ఒక్కో బట్టకి రెండు క్లిప్పులూ ఒకే రంగువి పెట్టే పద్ధతి కూడా తప్పలేదు. నిన్న ఒక పచ్చ క్లిప్పు విరిగిపోయింది. జత దొరక్క నా చొక్కా ఒకటి ఆరెయ్యకుండా బకెట్లోనే ఉంది.

నీ తమ్ముడు


జూన్ 17, మంగళవారం

ఒరేయ్ దద్దమ్మా,

అది వెటకారంరా! వెటకారం! చదువుకున్నవాడివి, గవర్నమెంటు జీతం తీసుకున్నవాడివి, ఆ మాత్రం తెలియదా? దాన్ని అట్టమీద అంటించి మరీ పంపుతావా?

మరదలు నాకు ఉత్తరం రాసింది. ఎలా ఉందో విను. "వదినగారూ, మీ సర్టిఫికెట్ అందింది. ఫ్రేము కట్టించి క్లినిక్‌లో గోడకి పెట్టించాను. పన్ను పీకేముందు పేషెంట్ల చేత చదివిస్తే మత్తుమందు అక్కర్లేదంటున్నాడు మా అన్నయ్య. ఇన్నాళ్ళూ ఆయన మాటకి ముందోసారి వెనకోసారి 'మా అక్క చెప్పింది' అంటుంటే, పాపం ఆవిడకేం తెలుసులే అనుకునేదాన్ని. మీకన్నీ తెలుసన్నమాట. ఇంక మీ ఇద్దరూ, మీ పద్ధతులూ చల్లగా ఉండండి." అంతే. సంతకం కూడా లేదు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ పిల్ల నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఇక దాచి లాభం లేదు. నిన్నటిదాకా తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. చెప్తున్నాను, కూర్చుని చదువు.

గుమ్మం నుంచి లోపలికి తుడవడం ఏ ఇంటి పద్ధతీ కాదు. మనింటిది అసలే కాదు. నేను పుట్టించింది. అప్పుడు నాకు పన్నెండు, నీకు ఏడు. అమ్మది ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటి డ్యూటీ, మనది మధ్యాహ్నం బడి. పొద్దున్నుంచీ ఇల్లూ నువ్వూ నా నెత్తిమీదే. నువ్వేమో క్షణం కుదురుగా ఉండవు. "అక్కా అదేంటి, అక్కా ఇదెందుకు" అని చెవిలో జోరీగ. ఎదురింటి టీచరుగారు రోజుకో పుస్తకం ఇచ్చి మర్నాటికి తిరిగి ఇచ్చెయ్యమనేవారు. నాకు ఒక్క అరగంట కావాలి. నిన్ను ఎక్కడైనా కట్టెయ్యాలి. తాడు లేదు, తడిగుడ్డ ఉంది.

అందుకని నిన్ను గుమ్మం దగ్గర మొదలుపెట్టించి, మూలకి తోలి, "ఆరేదాకా కదిలితే పాపం" అన్నాను. గొళ్ళెం ఎందుకంటావా? అమ్మ ముందుగా వస్తే తలుపు కొడుతుంది, ఈలోగా పుస్తకం పరుపు కింద దాచెయ్యొచ్చు. గ్లాసుల్లోంచి ఇరవై లెక్కపెట్టడం కూడా అంతే. ఎనిమిది గ్లాసులు, ఒక్కోదానికి ఇరవై. నాకు నాలుగు పేజీలయ్యేవి.

నువ్వు పెద్దయ్యాక మానేసి ఉంటావనుకున్నాను. మీ ఇంటికొచ్చినప్పుడల్లా నువ్వు ఆఫీసులో ఉండేవాడివి, ఇల్లు మరదలు తుడిచేది, మామూలు మనుషుల్లాగే. నాకేం తెలుసు?

అక్క


జూన్ 21, శనివారం

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నీ చేత ఇది ఎవరు రాయించారు? ఆవిడా, పళ్ళ డాక్టరా? నీకు బట్టల మిషన్ కొనిపెడతామన్నారా? నిజం చెప్పు, నేను ఏమీ అనుకోను.

నేను ఇన్‌స్పెక్టర్ని. దొంగ తూకం పట్టడం నాకు కొత్త కాదు. నీ కథలో పొసగనివి చాలా ఉన్నాయి. ఆ రోజు నువ్వు చెప్పిన కారణం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "దొంగని గుమ్మం దగ్గరే పట్టుకోవాలి, మురికినీ అంతే." ఎంత అర్థముంది ఆ మాటలో! పన్నెండేళ్ళ పిల్ల అబద్ధానికి అంత బలం ఉంటుందా? అమ్మ డ్యూటీనుంచి వచ్చి, "అద్దంలా ఉందిరా నేల, నా బంగారు కొండ" అని నన్ను దగ్గరికి తీసుకునేది. నిన్ను కాదు, నన్ను. ఆ మాటకోసం నేను గంటైనా నిలబడేవాణ్ణి. మా ఆఫీసు స్వీపరుకి కూడా ఇదే నేర్పాను. ఎందుకోగానీ నెల తిరక్కుండా బదిలీ చేయించుకున్నాడు.

మరి క్లిప్పుల సంగతో? ఒక బట్టకి ఒకే రంగు అనేది కూడా అబద్ధమేనా? చెప్పు.

అయినా నన్ను ఎగతాళి చేసేముందు నీ ఇల్లు చూసుకో. పోయినసారి వచ్చినప్పుడు నేనేమీ చూడలేదనుకుంటున్నావు. నీ దుప్పట్లన్నిటికీ ఎర్రదారంతో అంకెలు కుట్టున్నాయి, ఆస్పత్రిలో లాగా. అంకె పైకి కనబడేలా మడతపెట్టి బీరువాలో వరసగా పెట్టావు. ఇంట్లో ఉన్నది ఒక్క మంచం, ఒక్క మనిషి. ఎవరి దుప్పటి ఎవరు ఎత్తుకుపోతారని ఆ అంకెలు? గురివింద గింజకి తన కింద నలుపు తెలియదట.

ఒక చెడ్డ వార్త. ఆవిడ కబురు పెట్టింది. క్లినిక్ వెనక గది వచ్చే నెల ఖాళీ అవుతోందట. పన్నెండో తారీకు శనివారం బండి పంపిస్తుందట, కుట్టుమిషన్ ఎక్కించమంది. గౌన్లు అక్కడే కుట్టుకుంటుందట. బట్టలకోసం పంపితే నాలుగు రోజుల మాట. మిషన్ పంపమందంటే ఇంక రాదు, అక్కా. రోజంతా ఆ మిషన్ చప్పుడు ఉండేది ఇంట్లో, నేను విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు దానిమీద గుడ్డ కప్పి ఉంది. నాకు భయంగా ఉంది.

తమ్ముడు


జూన్ 25, బుధవారం

ఒరేయ్ గుండూ,

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని పుట్టావు నువ్వు. నన్ను ఎవరూ కొనలేదు. బట్టల మిషన్ నేనే కొనుక్కున్నాను, నిన్న దించారు.

అంకెల సంగతి నిజమే. ఒకటి నుంచి ఆరు దాకా కుట్టాను. అమ్మ చేతికి అలవాటై, ఇంట్లో దుప్పట్లకి కూడా కుట్టేది, నాకూ నేర్పింది. నాలుగో నంబరు వరస తప్పి ఉంటే నాకు నిద్రపట్టదు. నవ్వుకో, నీ ఇష్టం. కానీ నా అంకెల వల్ల ఎవరూ వానలో తడవలేదు. క్లిప్పుల రంగులు మాత్రం నావి కావు, అది నీ సొంత పైత్యం, నాకు అంటగట్టకు.

నా కథ పొసగదన్నావుగా, ఇదిగో సాక్ష్యం. ఇది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు మబ్బుపట్టి నేల ఎంతకీ ఆరలేదు. నేను మంచం మీద పుస్తకంలో మునిగిపోయాను. నువ్వు మూలలోంచి "అక్కా, పాసుకి" అన్నావు. "ఆరలేదు" అన్నాను, తల ఎత్తకుండానే. ఇంకోసారి అన్నావు. మళ్ళీ అదే చెప్పాను. కాసేపటికి చూస్తే నీ చెడ్డీ తడిసిపోయింది, కాళ్ళమీదుగా కారుతోంది. నువ్వు ఏడుస్తున్నావు కానీ కదల్లేదురా. ఒక్క అడుగు కూడా. నేనేం చేశానో తెలుసా? నవ్వాను. నవ్వి, నీకు చెడ్డీ మార్చి, ఆ మూల మళ్ళీ నీ చేతే తుడిపించాను.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆ పుస్తకం పేరు కూడా నాకు గుర్తులేదు. నీ మొహం మాత్రం గుర్తుంది. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పటినుంచీ అదే కళ్ళముందు. నన్ను క్షమించరా అనాలంటే నోరు రావట్లేదు, కాగితం మీద కాబట్టి అంటున్నాను. క్షమించు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఈ ఉత్తరం తీసుకుని క్లినిక్‌కి వెళ్ళు. మరదలి చేతిలో పెట్టు. తప్పంతా నాదని తెలిస్తే మెత్తబడుతుంది. ఈసారి కత్తిరించకుండా మొత్తం ఇవ్వు.

అక్క


జూన్ 30, సోమవారం

అక్కకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నేల తుడవలేదు. గుడ్డ తడిపి గుమ్మం దగ్గర నిలబడితే, ఎటు మొదలుపెట్టాలో తెలియలేదు.

ఆ రోజు నాకు గుర్తుంది. నీకు గుర్తులేదనుకున్నాను. నేను కదలకుండా నిలబడ్డందుకు నువ్వు మెచ్చుకునే నవ్వావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చూడు ఎంత పిచ్చివాణ్ణో. నువ్వు అక్కడ మంచం మీద పుస్తకాలు చదివావు, నేను ఇక్కడ గోడ చదివాను. నువ్వు లైబ్రరీ కుర్చీలో కూర్చున్నావు, నేను పదో తరగతి మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాను. ఇప్పుడు అనుకుని ఏం లాభం? కానీ కోపంగా ఉంది. నీకు చెప్పాలనే రాస్తున్నాను, చాలా కోపంగా ఉంది.

అయినా నువ్వు చెప్పినట్టే ఉత్తరం తీసుకుని నిన్న క్లినిక్‌కి వెళ్ళాను. ఆదివారం కూడా తీసే ఉంచుతాడు ఆ మహానుభావుడు. ఆరుగురు బుగ్గలు పట్టుకుని కూర్చున్నారు. గోడమీద, పళ్ళబొమ్మ పక్కన, నీ సర్టిఫికెట్. నిజంగానే ఫ్రేము కట్టించింది. ఒకాయన వాచిన బుగ్గతో అది చదివి, నవ్వలేక నొప్పితో మూలుగుతున్నాడు. నన్ను చూసి, "ఎవడండీ వీడు? ఇలాంటివాళ్ళు కూడా ఉంటారా?" అన్నాడు. "ఏమో, నాకు తెలియదండీ" అన్నాను.

ఆవిడ కిందికి దిగొచ్చింది. చిక్కిపోతుందనుకున్నాను, శుభ్రంగా ఉంది. మాట్లాడకుండా ఉత్తరం చేతిలో పెట్టాను. నిలబడే మొత్తం చదివింది. చెడ్డీ సంగతి దగ్గర ఆగింది, నాకు తెలిసిపోయింది. కళ్ళు తుడుచుకుంది. హమ్మయ్య, పని అయిపోయిందనుకున్నాను.

"పాపం ఆ ఏడేళ్ళ పిల్లాడు" అంది. "వాణ్ణి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. కానీ నన్ను వానలో నిలబెట్టింది వాడు కాదుగా. అరవై రెండేళ్ళాయన."

నేను "మా అక్కే రాసింది కదా, తప్పు తనదని" అన్నాను.

అప్పుడు వచ్చింది కోపం. అంతమంది పేషెంట్ల ముందు. "మొన్న నాది తప్పని మీ అక్క చేత కాగితం రాయించి పంపారు. ఇవాళ మీది తప్పని చెప్పడానికి కూడా మీ అక్క కాగితమేనా? ఎటు తిరిగినా ఆవిడ దస్తూరీనే. ముప్ఫై ఒక్కేళ్ళుగా నేను కాపురం చేస్తున్నది ఎవరితో? మీకు నోరు లేదా?"

బుగ్గ వాచినాయన కూడా నావైపే చూస్తున్నాడు, జవాబు చెప్తానేమోనని. ఆవిడ ఉత్తరం మడిచి నా జేబులో పెట్టి, "పన్నెండున బండి వస్తుంది" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాను. ఏం చెప్పి ఉండాల్సిందో పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నాను. తట్టలేదు. పన్నెండు రోజులే ఉన్నాయి. ఏం చెప్పమంటావు, అక్కా?

తమ్ముడు


జూలై 4, శుక్రవారం

ఒరేయ్,

ఆ పిల్ల చెప్పినదాంట్లో ఒక్క మాట తప్పులేదు. కొట్టింది కొట్టినట్టు తగిలింది నాకు కూడా. నీ కోపం కూడా న్యాయమే. ఉంచుకో, ఆరనివ్వకు.

కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పన్నెండో తారీకు ఎంతో దూరం లేదు. నీకు ఏం చెప్పాలో తట్టదని నాకు తెలుసు, చిన్నప్పటినుంచీ అంతే. బళ్ళో ఎవరైనా నిన్ను కొడితే ఇంటికొచ్చి "ఏమనాలక్కా" అని అడిగి, మర్నాడు వెళ్ళి నేను చెప్పిన మాట అనేవాడివి. అందుకని కూర్చుని రాశాను. ఇందులో చిన్న కవరు ఉంది చూడు. మరదలితో ఏం చెప్పాలో మూడు పేరాల్లో రాసి పెట్టాను. మొదటి పేరాలో క్షమాపణ, రెండోదాంట్లో మీ పెళ్ళయిన కొత్తలో సంగతి, అక్కడ కాస్త ఆగి ఊపిరి తీసుకో, గొంతు వణికితే మరీ మంచిది. మూడోదాంట్లో ఇంటికి రమ్మనడం. బాగా బట్టీపట్టు. కాగితం చేతిలో పట్టుకుని మాత్రం చదవకు, దొరికిపోతావు. నేను రాశానని చస్తే చెప్పకు.

నాలుగుసార్లు తిరగరాశాను. చదువుతుంటే నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. తప్పకుండా పనిచేస్తుంది.

అక్క


జూలై 13, ఆదివారం

అక్కా,

నువ్వు పంపిన చిన్న కవరు ఇందులోనే తిరిగి పంపిస్తున్నాను. అంటించింది అంటించినట్టే ఉంది, చూసుకో. గొప్పలు చెప్పను, విప్పాలని చెయ్యి పీకింది. ఐదు రోజులు టేబుల్ మీద పెట్టుకుని దాని చుట్టూ తిరిగాను. ఒకసారి కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి కూడా చూశాను. నువ్వు మందం కవరు వాడావు, ఏమీ కనబడలేదు. మంచిదైంది.

శనివారం తొమ్మిదింటికి బండి వచ్చింది. మిషన్ని ఎక్కడ పడేస్తారోనని బండితోపాటు ఆవిడా వచ్చింది. తలుపు బార్లా తీసే ఉంది. నన్ను పలకరించలేదు. మిషన్ మీద గుడ్డ తీసి, సూది విప్పి, దారం కండెలు డబ్బాలో పెట్టుకుంటోంది. బండివాళ్ళు ఇద్దరూ చెరోవైపు పట్టి లేపారు. గుమ్మం దాటించి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. అప్పుడు నేను మాట్లాడాను.

సరిగ్గా మాట్లాడలేదు. మధ్యలో తడబడ్డాను. ఒక మాట రెండుసార్లు అన్నాను, ఒకటి అసలు అనకూడనిది కూడా అన్నాను. బండివాళ్ళు మిషన్ మోస్తూ మెట్లమీద నిలబడిపోయి, "అమ్మా, దించాలా ఎక్కించాలా, చేతులు పడిపోతున్నాయి" అన్నారు. పక్కింటావిడ కుర్చీ తెచ్చుకుని కూర్చుంది, ఈసారి తనకోసమే. నీ మరదలు దారం కండెల డబ్బా కింద పెట్టింది. తర్వాత మిషన్ని లోపలికి తెమ్మంది. బండి ఖాళీగా వెళ్ళింది.

నీ మీద కోపం ఇంకా ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. పోయాక ఇద్దరం కలిసి వస్తాం, నీ కొత్త మిషన్ చూడ్డానికి.

ఇది చదవగానే నువ్వు కాగితం కలం తీసుకుని, "ఏం చెప్పావురా ఆ పిల్లకి, అక్షరం పొల్లుపోకుండా రాయి" అని రాస్తావు. రాయకు, అక్కా. నేను చెప్పను.

తమ్ముడు